మా ఊళ్లలో షుగర్: పరీక్షకు వచ్చినవారు మందు దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

చలివాగు (పరకాల వైపు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

సభ్యులందరికీ నమస్కారం. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నా ప్రశ్న కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టగలరు.

మా తమ్ముడు ఎండిన కట్టెలా సన్నగా ఉంటాడు. నాలుగెకరాల పత్తి, ఎకరం వరి, రోజుకో బీడీ కట్ట, ఇదీ ఆయన బతుకు. మూడేళ్ల కిందట ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, వేలికి సూది గుచ్చి చూసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లమని చీటీ రాసిచ్చింది. వెళ్లాడు. షుగర్ అని తేల్చి నెలకు సరిపడా గోలీలు ఇచ్చారు. అవి అయిపోయేదాకా వేసుకున్నాడు, ఆ తర్వాత మళ్లీ ఆ గడప తొక్కలేదు. అడిగితే, తనకు నొప్పి లేదనీ, నీరసం లేదనీ, షుగర్ అనేది లావుగా ఉండే సేట్లకు వచ్చే బీమారి అనీ జవాబు చెప్పాడు. ఈ వానాకాలం పొలం గట్టు మీద తుమ్మముల్లు కాలిలో దిగితే వారం దాకా ఆయనకే తెలియలేదు. చీము వాసన వచ్చాక మా మరదలు చూసింది. ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర పది రోజులు కట్లు కట్టించుకున్నాడు. ఇప్పుడు బొటనవేలు నల్లబడింది.

నన్ను తొలుస్తున్నది ఒక్కటే. రిజిస్టరులో ఆయన పేరు ఉంది, పరీక్ష జరిగింది, మందు ఉచితంగానే దొరుకుతుంది. అయినా మనిషి చేయి జారిపోయాడు. మా వాడలోనే ఇలాంటివారు ఇంకా ఉన్నారు. ఎక్కడ తెగుతోంది ఈ తాడు?

తెల్లచీర (ములుగు జిల్లా, ఏఎన్‌ఎం)

సార్, మీరు అడిగిన తాడును రోజూ చేత్తో పట్టుకునేదాన్ని కాబట్టి చెప్తున్నాను. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ ఆశా అక్క ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, ఒంటి శ్రమ, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా చూడవలసినవారని అర్థం. ఏ వేళలో చూసినా రక్తంలో చక్కెర 140 దాటితే పైకి పంపుతాం. షుగర్, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బుల కోసం పెట్టిన ఈ జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, 2023లో పేరు మారింది. పరీక్షల పని ఊపందుకున్న మాట నిజం.

కానీ మా పై అధికారులు అడిగేది ఎంతమందికి పరీక్ష చేశారనే. నిరుడు మందు మొదలుపెట్టినవారిలో ఈ నెల ఎంతమంది గోలీలు తీసుకువెళ్లారని అడిగే గడి, మాకు వచ్చే కాగితాల్లో ఎప్పుడూ ఒక మూలన ఉంటుంది. ఏ గడిని అడుగుతారో ఆ గడే నిండుతుంది, ఇది మనుషుల స్వభావం.

రెండో సంగతి. పత్తి ఏరే రోజుల్లో, మిరప కోత రోజుల్లో మా సెంటర్‌కు మగవాళ్లు రారు. సగం రోజు కూలి పోతుంది. 2023 డిసెంబరులో ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక అక్కచెల్లెళ్లు కొంత ఎక్కువగానే వస్తున్నారు. వాళ్లలో కొందరు భర్తల చీటీలు కూడా పట్టుకొస్తారు. మనిషిని చూడకుండా, కాలు చూడకుండా, బీపీ చూడకుండా గోలీలు ఇచ్చి పంపవలసి వస్తుంది. ఇవ్వకపోతే ఆ నెల మందే ఉండదు.

మందు ఆపేయడానికి ఇంకో కారణం చాలామంది బయటికి చెప్పరు. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ మొదట్లో కొందరికి కడుపులో తిప్పుతుంది, విరేచనాలు అవుతాయి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. చక్కెరను బాగా దించే గ్లిమెపిరైడ్ గోలీ వేసుకుని, తినకుండా నాట్లకు వెళ్లిన ఒక అక్క బురదలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ గోలీ పేరెత్తితే ఇప్పటికీ ఆ వాడంతా భయపడుతుంది. పొద్దున తినకుండా ఆ గోలీ వేసుకోకూడదని మొదటి రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే అది జరిగేది కాదు.

గోదారి ఒడ్డు (మంచిర్యాల)

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఇంతమందికి ఒక్కసారిగా షుగర్ ఎక్కడినుంచి వచ్చింది? మా నాన్నగారి కాలంలో పరగడుపున 140 దాటితేనే షుగర్ అనేవారు, తర్వాత దాన్ని 126కి దించారు. గీత దించితే రోగులు పెరుగుతారు, రోగులు పెరిగితే మందులు అమ్ముడవుతాయి. పల్లెలో కష్టం చేసుకునేవాడిని కూడా రోగిని చేసి నెల నెలా క్యూలో నిలబెట్టడం అవసరమా?

వడ్డేపల్లి చెరువు (హనుమకొండ, వైద్యుడు)

గోదారి ఒడ్డు గారు చెప్పిన గీత సంగతి నిజమే. 1997లో అమెరికా మధుమేహ సంఘం, ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు పరిమితిని 140 నుండి 126కి తగ్గించాయి. పరగడుపు లెక్క కూడా, తిన్న తరువాతి లెక్క చెప్పే రోగాన్నే చెప్పాలన్నది అందుకు ముఖ్య కారణం. 140 గీత పెట్టినప్పుడు, గ్లూకోజ్ తాగాక రెండు గంటలకు చేసే పరీక్షలో 200 దాటుతున్నవారు చాలామంది పరగడుపు పరీక్షలో తప్పించుకునేవారు. వారి కంటిలోని సన్నటి రక్తనాళాలు మాత్రం తప్పించుకోలేదు.

అయితే గీత ఒక్కదానితో ఈ పెరుగుదలను వివరించలేము. భారత వైద్య పరిశోధన మండలి 2008 నుండి 2020 వరకు దేశమంతటా లక్షా పదమూడు వేల మందిని ఒకే కొలతతో పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించింది. మధుమేహం ఉన్న పెద్దలు 11.4 శాతం, అంటే సుమారు 10.1 కోట్లు. పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. పల్లెల శాతం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మన జనాభాలో ఎక్కువమంది ఉండేది అక్కడే, వైద్యులు తక్కువ ఉండేదీ అక్కడే. షుగర్ అంచున ఉన్నవారు మరో 15.3 శాతం.

ప్రపంచం మాట కూడా ఇదే. 2024 నవంబరులో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం 2022 నాటికి 82.8 కోట్ల మంది పెద్దలకు మధుమేహం ఉందని అంచనా కట్టింది. 30 ఏళ్లు దాటిన రోగుల్లో 44.5 కోట్ల మందికి, అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి, మందే అందడం లేదు. వీరిలో అత్యధికులు తక్కువ, మధ్య ఆదాయ దేశాలవారు. ధనిక దేశాల్లో 1990 తర్వాత చికిత్స అందేవారి శాతం బాగా పెరిగింది, పేద దేశాల్లో చాలాచోట్ల అది నిలిచిన చోటే నిలిచింది. చలివాగు గారి తమ్ముడు ఆ 44.5 కోట్లలో ఒకరు.

ఇక ఆయనకు నొప్పి తెలియకపోవడం గురించి. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల్లోని నరాలు మొద్దుబారతాయి. ముల్లు దిగినా కబురు మెదడుకు చేరదు. నొప్పి లేదు కాబట్టి రోగం లేదని ఆయన అనుకున్నాడు, నొప్పి లేకపోవడమే రోగం ముదిరిన గుర్తు. బీడీ వల్ల కాలికి వెళ్లే రక్తనాళాలు ఇంకా సన్నబడతాయి. నల్లబడిన వేలును ఇంట్లో ఉంచుకుని చూడదగింది కాదు, రేపే శస్త్రచికిత్స విభాగం ఉన్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. మిగతా చర్చ తర్వాత చేద్దాం.

చలివాగు

డాక్టర్ గారూ, రేపు పొద్దున మొదటి బస్సుకే బయలుదేరుతున్నాం. ఒక్క సందేహం. ఇంత సన్నటి మనిషికి షుగర్ ఎలా వచ్చింది?

వడ్డేపల్లి చెరువు

మన దేశపువారిలో బరువు తక్కువ ఉన్నా పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు చేరడం ఎక్కువ. అందుకే మనకు నడుము కొలత గీతలు వేరుగా పెట్టారు, మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. తల్లి కడుపులో ఉండగా సరైన పోషణ అందక, తక్కువ బరువుతో పుట్టినవారికి పెద్దయ్యాక ఈ ముప్పు పెరుగుతుందని పుణెలో దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చూపాయి.

అసలు ఆకలి వల్లనే వచ్చే మధుమేహం కూడా ఒకటుంది. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వేరే రకంగా గుర్తించి, ఆధారాలు చాలవని 1999లో జాబితాలోంచి తీసేసింది. మళ్లీ 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దానికి ఐదో రకం అని పేరు పెట్టింది. ఇది ఎక్కువగా పోషణ కరవైన, బక్కపలచటి యువకుల్లో కనిపిస్తుంది. వారికి లావుపాటివారికి ఇచ్చినట్టు ఇన్సులిన్ మోతాదు పెంచుకుంటూ పోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీ తమ్ముడిది ఆ రకమేనని నేను అనడం లేదు, ఆ వయసులో మామూలు రెండో రకమే ఎక్కువ. కానీ షుగర్‌ను తిండి ఎక్కువైనవారి రోగమని ఇకమీదట ఎవరూ తేలిగ్గా అనకూడదు.

తైదంబలి (జగిత్యాల)

తిండి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మమ్మ ఇంట్లో జొన్న రొట్టె, మక్క గటక, తైద (రాగి) అంబలి రోజువారీ తిండి. వరన్నం పండుగ పూటే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, ఆ తర్వాత బోర్లు, కాలువలు వచ్చాయి, ఎటు చూసినా వరి మడులే. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, మధ్యలో నాలుగు సార్లు చక్కెర వేసిన చాయ్. తవుడంతా పోయేలా పాలిష్ పట్టిన బియ్యం త్వరగా అరిగి చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది. 2025 ఉగాది నుండి రేషన్‌లో సన్న బియ్యం మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు. దొడ్డు బియ్యం ఉన్నప్పుడు సగం అమ్ముకునేవారు, ఇప్పుడు అంతా వండుకుంటున్నారు. పాత తిండికి మళ్లితే మందుల అవసరమే ఉండదని నా నమ్మకం.

నల్లబొగ్గు (భూపాలపల్లి)

తైదంబలి గారూ, మీ అమ్మమ్మగారి తిండి మీద నాకు గౌరవమే. కానీ అంగడికి వెళ్లి కొర్రల ధర ఒకసారి అడిగి చూడండి. రేషన్ బియ్యం ఉచితం, కొర్రలు కిలో కొనాలంటే మా అమ్మ కూలి డబ్బుల్లోంచి తీయాలి. పైగా ఆ పాత తిండి తిన్నవాళ్లు రోజంతా నాగలి వెనక నడిచారు. ఇప్పుడు ట్రాక్టర్ దున్నుతుంది, వరి కోత యంత్రం కోస్తుంది. తిండి మారిందన్నది సగమే, కాళ్లు ఆగిపోయాయన్నది మిగతా సగం. ఇంకో మాట, జొన్న రొట్టె అయినా ఆరు తింటే అది పిండే కదా. పేదవాడి రోగానికి పేదవాడి పళ్లేన్నే తప్పు పట్టడం నాకు నచ్చదు. రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు జొన్నలు, పప్పు కూడా ఇమ్మని అడుగుదాం, అప్పుడు ఉపదేశానికి విలువ ఉంటుంది.

తైదంబలి

ఒప్పుకుంటున్నాను. మందు అక్కరలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అన్నం సగం తగ్గించి పప్పు, కూర పెంచమనడం వరకైనా అందరికీ చెప్పవచ్చు కదా?

ఎర్రమూత (పెద్దపల్లి)

ఇక్కడ అందరూ గోలీల గురించే మాట్లాడుతున్నారు. మా బాబుకు తొమ్మిదో ఏట మొదటి రకం షుగర్ వచ్చింది. వాడికి గోలీలు పనిచేయవు, ఇన్సులిన్ లేకపోతే రోజులే. రోజూ నీళ్లు తాగి రాత్రంతా మూత్రానికి లేస్తుంటే మొదట టైఫాయిడ్ అన్నారు, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించారు. మరునాటికి మాట పడిపోయింది. ఆ ఊరి పేరూ, ఆ క్లినిక్ పేరూ ఇప్పుడు అనవసరం. పిల్లవాడు బక్కచిక్కుతూ, పదే పదే దాహం అంటూ, మూత్రానికి పోతూ ఉంటే సెలైన్ కన్నా ముందు ఒక్క చుక్క రక్తం పరీక్ష చేయమని అడగండి.

రామగుండం ఎండల సంగతి మీకు తెలిసిందే. మాకు ఫ్రిజ్ లేదు. వాడని సీసాలు పక్కింటివారి ఫ్రిజ్‌లో, కింది అరలో పెడతాం; పైన మంచు గడ్డకట్టే పెట్టెలో పెడితే మందు చెడిపోతుంది, ఒకసారి గడ్డకట్టినది పారేయవలసిందే. వాడుతున్న సీసా కుండలో ఉంటుంది. పెద్ద కుండలో తడి ఇసుక, దానిలో చిన్న కుండ, పైన తడిగుడ్డ. కెన్యాలోని శరణార్థి శిబిరంలో ఉండే వేడిని పరిశీలించి, 25 నుండి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ బలం తగ్గలేదని 2021లో పరిశోధకులు ప్రకటించారని మా డాక్టర్ చెప్పాక నాకు కొంచెం నిద్ర పట్టింది. అయితే మే నెలలో మా రేకుల ఇల్లు 37 దగ్గర ఆగదు, అందుకే ఆ కుండ.

నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో కూడా చెప్పాలి. మన దగ్గర దవాఖానలో ఇచ్చే ఇన్సులిన్ సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్రమూత సిరంజీ. పెన్నుల్లో వాడే మందు, కొన్ని సీసాల మందు 100 యూనిట్లది, 100 యూనిట్ల సిరంజీకి నారింజ రంగు మూత. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది ఎనిమిదే. తారుమారుగా 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజీతో 20 గీతకు లాగితే 50 యూనిట్లు వెళ్తాయి, మనిషి పడిపోతాడు. ఎర్రమూతలు అయిపోయాయని మందుల దుకాణంలో నారింజ మూతవి ఇచ్చారు. మూడు రోజులు వాడి షుగర్ ఎందుకు దిగడం లేదో మాకు అర్థం కాలేదు.

వడ్డేపల్లి చెరువు

ఎర్రమూత గారు రాసింది మా విద్యార్థులకు చదివి వినిపిస్తాను. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ తీసుకున్న రోగి కూడా పద్నాలుగేళ్ల పిల్లవాడే. కనుగొన్నవారు పేటెంటును ఒక్కొక్కరు ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. నూరేళ్లు దాటాక కూడా ఒక తండ్రి సీసాను పక్కింటి ఫ్రిజ్‌లో దాచుకుంటున్నాడు.

గుస్సాడీ డప్పు (ఉట్నూరు, ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు)

మా దగ్గర వేరే చిక్కు ఉంది. మా గూడేల్లో సికిల్ సెల్, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టు జబ్బు, ఉన్నవారు చాలామంది. 2023 జూలైలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక కొందరికి కార్డులు కూడా వచ్చాయి. పట్నంలో మూడు నెలల సగటు చూపే షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించుకున్న మా సహోద్యోగికి అంతా బాగుందని రిపోర్టు వచ్చింది, ఇక్కడ పరగడుపున చూస్తే 170. ఏది నమ్మాలి?

వడ్డేపల్లి చెరువు

పరగడుపు లెక్కనే నమ్మండి. మూడు నెలల పరీక్ష ఎర్రరక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది, మామూలు కణం నాలుగు నెలలు బతుకుతుందన్న లెక్క మీద అది నడుస్తుంది. సికిల్ సెల్ జబ్బులో కణం వారాల్లోనే చనిపోతుంది, చక్కెర అంటుకునేంత వ్యవధి ఉండదు, ఫలితం తక్కువగా వస్తుంది. జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మోసేవారిలో కూడా కొన్ని యంత్రాలు తప్పు చూపుతాయి. ఇనుము తక్కువైన రక్తహీనతలో దీనికి విరుద్ధంగా ఎక్కువ చూపవచ్చు, మన ఆడవారిలో అది ఎంత ఉందో తెల్లచీర గారికి తెలుసు. ఏజెన్సీ ప్రాంతంలో పరగడుపు, గ్లూకోజ్ తాగిన రెండు గంటల పరీక్షలే దిక్కు.

ముత్యాల శాలువా (నిజామాబాద్)

మా అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న దుబాయిలో ఇరవై ఏళ్లు చేసి వచ్చాడు. అక్కడినుంచి షుగర్ తెచ్చుకున్నాడు, ఇక్కడికి వచ్చాక క్షయ వచ్చింది. షుగర్ ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడు రెట్లని క్షయ కేంద్రంలోనే చెప్పారు, అక్కడే వేలు గుచ్చి చూశారు. నాకు అర్థమైందేమిటంటే, క్షయ మందు మానేస్తే ఇంటికి మనిషి వస్తాడు, షుగర్ మందు మానేస్తే ఎవరూ రారు.

మరొక సంగతి, ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో పసరు పొడి పొట్లం వంద రోజులు వాడితే షుగర్ పోతుందని ప్రచారం చేస్తున్నారు. దాని గురించి ఎవరికైనా తెలుసా?

వడ్డేపల్లి చెరువు

పేరూ కూర్పూ లేని అలాంటి పొడుల్లో షుగర్ గోలీలనే దంచి కలిపిన సందర్భాలు పలుమార్లు పరీక్షల్లో బయటపడ్డాయి. అందుకే మొదట పనిచేసినట్టు కనిపిస్తాయి. ఎంత మోతాదు వెళ్తోందో ఎవరికీ తెలియదు. వద్దు.

తెల్లచీర

ముత్యాల శాలువా గారి మాట నా గుండెలో గుచ్చుకుంది, కానీ నిజం. క్షయకు ఇచ్చినట్టు ఒక మనిషిని షుగర్‌కు కూడా ఇస్తే సగం మంది మిగులుతారు.

మేము ఇద్దరం ఏఎన్‌ఎంలం సొంతంగా రెండు పనులు చేసి చూశాం. పొద్దున ఏడింటికి ఉపాధి హామీ పని జరిగే చోటికి వెళ్లి పరగడుపు పరీక్ష చేద్దామనుకున్నాం. వెళ్లేసరికి అందరూ చాయ్ తాగేసి ఉన్నారు! ఆ తర్వాత ముందు రోజు సాయంత్రమే డప్పు వేయించి చెప్పాం. రెండోది ఫలించింది. పింఛన్లు ఇచ్చే రోజు ముసలివాళ్లందరూ ఎలాగూ పోస్టాఫీసు దగ్గర కూర్చుంటారు. అక్కడే బల్ల వేసుకుని గోలీలు ఇస్తున్నాం, చెప్పులు విప్పించి పాదాలు చూస్తున్నాం. పింఛను వదులుకునేవారు ఎవరూ లేరు కాబట్టి మందు వదిలేవారూ తగ్గారు. పింఛను లేని నడివయసు మగవాళ్లే ఇప్పటికీ మాకు దొరకడం లేదు. చలివాగు సార్ తమ్ముడి వయసువాళ్లే.

గోదారి ఒడ్డు

నా మొదటి మాట మీద ఇంకా కొంచెం నిలబడే ఉన్నాను, గీతలు ఎవరు గీస్తున్నారో చూస్తూ ఉండాలి. కానీ ఈ చర్చ చదివాక మా ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాను. మా ఆవిడకు పరగడుపున 212. ఆమె కూడా సన్ననే.

చలివాగు

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. బొటనవేలు తీసేశారు, పాదం నిలిచింది. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి కింద దాకా వెళ్లేదని శస్త్రచికిత్స చేసినవారు చెప్పారు. బీడీలు నా చేతికిచ్చాడు, ఎన్నాళ్లు ఆగుతాడో చూడాలి.

తెల్లచీర గారు చెప్పిన నడివయసు మగవాళ్ల గురించి ఆలోచించాను. మా ఊళ్లో వాళ్లందరూ సాయంత్రం ఆరింటికి పాలకేంద్రం దగ్గర తప్పక దొరుకుతారు. పాలు పోయడానికి రాని మగవాడు లేడు. నెలకో సాయంత్రం అక్కడికి వచ్చి బల్ల వేయగలరా అని మా ఊరి ఏఎన్‌ఎంను అడిగాను. ఆ వేళకు తన డ్యూటీ అయిపోతుందని, పైవాళ్లను అడిగి చెప్తానని అంది. జవాబు వస్తే ఇక్కడ రాస్తాను. ఈలోగా మా తమ్ముడి గోలీల డబ్బా మా ఇంట్లో పెట్టుకున్నాను. పాలు పోసి వెళ్తూ వేసుకుని పోతున్నాడు.